గేటు దగ్గర ఆగిన లెక్క

మా మనవరాలి గైడు మాస్టారు పోయారు. అవార్డు పోటీ ఫైనల్‌కు మూడు రోజులుందనగా, పొద్దున నేను పిల్ల కట్టుకోబోయే చీర ఇస్త్రీ చేస్తుంటే ఫోను వచ్చింది. నిద్రలోనే గుండె ఆగిందట. పిల్ల "సర్ లేరమ్మమ్మా" అని గోడకు ఆనుకుని కూలబడింది. నాకు ముందు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. పోటీకి పంపకుండా ఏడాది నాన్చిన మనిషి ఇంకో మూడు రోజులు ఉండలేకపోయారా అనుకున్నాను. ఆ కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

మనవరాలిది సరుకుల రవాణా మీద పరిశోధన. మస్కట్ గోదాముల నుంచి ఎడారి అవతల దుక్మ్‌లో పనివాళ్లుండే క్యాంపులకు పాలు, పెరుగు, కూరగాయలు ఏ లారీలో, ఏ వరుసలో పంపితే తిరుగుడు తగ్గి, పాడవకుండా చేరతాయో లెక్క కట్టింది. అలాంటి థీసిస్‌లకు ఏటా ఒక అవార్డు ఇస్తారు. గెలిచినవాళ్లకు పై పరిశోధనకు చోటు, జీతం దొరుకుతాయి. థీసిస్ ఇచ్చిన రెండేళ్లలోపే పోటీకి పంపాలి. గైడు సిఫారసు లేనిదే తీసుకోరు.

మాస్టారు ఇక్కడే మస్కట్‌లో, వాదీ కబీర్ పేటలో మా వెనక వీధిలో ఉండేవారు. గుంటూరు వైపు మనిషి. సాయంత్రం నాలుగింటికే గొడుగు వేసుకుని వచ్చేవారు. "ఒమన్‌లో గొడుగేమిటి మాస్టారూ, వానను వెంటబెట్టుకుని తిరుగుతున్నారా?" అంటే, "వాన అప్పుడప్పుడేనండి అమ్మగారూ, ఎండ రోజూ ఉంటుంది కదా" అనేవారు. కాఫీ తాగాక గ్లాసు తానే కడిగి బోర్లించేవారు. నా వంటింట్లోకి అలా చొరబడటం నాకు నచ్చదు. ఆ మాట చెప్పాను కూడా. నవ్వేవారు, మర్నాడు మళ్లీ కడిగేవారు.

పిల్ల రాసింది చూపిస్తే బాగుందని ఒక్కసారీ అనలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఇంకా ఏం వదిలేశావమ్మా?" అనేవారు. నేనూ లెక్కల టీచరుగా పనిచేసినదాన్నే. ఇంటి పద్దులో తేడా వస్తే నాకు నిద్ర పట్టదు. అలాంటి నాకే ఆ ప్రశ్న వింటే ఒళ్లు మండేది.

కిందటేడు పోటీకి అంతా సిద్ధమైంది. మాస్టారు సిఫారసు పంపనన్నారు. "పెరుగు చేరింది అని రాశావు. ఎవరికి చేరింది? ఒకసారి వెళ్లి చూద్దాం" అన్నారు. ఎడారి దారిలో అంత దూరం వీళ్లిద్దరినీ పంపి ఊరుకోలేక నేనూ కారెక్కాను.

క్యాంపు గేటు దగ్గర అసలు సంగతి తెలిసింది. పెద్ద లారీకి లోపలికి పాసు లేదు. సరుకు గేటు పక్కన దించి వెళ్లిపోతుంది. అక్కడికి చేరినట్టే లెక్క. లోపలికి తీసుకుపోయే చిన్న పికప్ బండి ఎప్పుడో వస్తుంది. అప్పటిదాకా పెరుగు ట్రేలు ఎండలోనే.

మెస్సులో వంట చేసే జగిత్యాల మనిషి గేటు దాకా వచ్చాడు. "పెరుగు సూడనీకి గింత దూరమొచ్చినరా సారూ?" అని నవ్వాడు. "గిది రోజూ గింతే. డ్యూటీ దిగి పోరగాండ్లు తినేటాల్లకు పుల్లగయితది. ఇగ మజ్జిగ చేసి ఉప్పేస్త. ఎవ్వలన్న కొత్తగొస్తే, మనకాడ పెరుగు గిట్లనే ఉంటదిరా అని చెప్త."

తిరుగు దారిలో మాస్టారు, "మన లెక్క గేటు దగ్గర ఆగిపోయిందమ్మా. తినేవాళ్లు లోపలున్నారు" అన్నారు. పిల్ల పుస్తకం తీసి రాసుకోసాగింది. నేనే అడిగాను. "ఆ గేటు సంగతి ఎవరడిగారు మాస్టారూ?"

"ఎవరూ అడగలేదండి. అదే నా బాధ."

లెక్కంతా మళ్లీ మొదటినుంచి. ఆ ఏటి గడువు దాటిపోయింది. గేటు దగ్గర పడిగాపులు కూడా కలిపేసరికి, మొదట గొప్పగా కనిపించిన ఆదా సగానికి పడిపోయింది. ఈ ఏడు దాన్నే పంపారు. పిల్లకు ఇదే ఆఖరి అవకాశం.

ఫైనల్‌కు గైడు పక్కన ఉండాలి. ఆయన లేరని చెబితే, పోటీ జరిపేవాళ్లు శాఖాధిపతి వచ్చినా సరేనన్నారు. థీసిస్ ఒక్క పేజీ తిప్పని ఆ పెద్దమనిషి పది నిమిషాల్లో సంతకం పెట్టి, ముందు వరసలో కూర్చున్నాడు. జడ్జీల్లో ఒకాయన అడిగాడు, "గేటు దాటాక క్యాంపు వాళ్ల పని కదా, రవాణా లెక్కలోకి ఎలా వస్తుంది?"

"తినేవాడు గేటు బయట లేడు సర్" అంది పిల్ల.

శాఖాధిపతి లేచి, "ఆ భాగం కావాలంటే తీసేస్తాం" అన్నాడు.

అవార్డు ఇంకొకరికి వచ్చింది. ఆ కుర్రాడి ఆదా పెద్దది. అతని లెక్కలో తప్పేమీ లేదు. అదీ గేటు దగ్గరే ఆగింది.

కారులో పిల్ల అడిగింది. "కిందటేడు పాత లెక్కే పంపి ఉంటే గెలిచేదాన్నా అమ్మమ్మా?"

"గెలిచేదానివే" అన్నాను. ఓదార్పు కోసం అబద్ధం చెప్పడం నాకు చేతకాదు.

"మరి సర్ ఎందుకలా చేశారు?"

"ఆయన్నే అడగాలి."

ఆయన మీద నాకున్న ఫిర్యాదులు చాలా ఉన్నాయి. ఒక్కొక్కటీ లెక్కపెట్టబోతే, క్యాంపు గేటు దగ్గరి ఆ మధ్యాహ్నం అడ్డు వస్తుంది. పికప్ ఇంకా రాలేదు. నేను కారులో ఏసీలో కూర్చుని, "రండి మాస్టారూ, వడదెబ్బ తగులుతుంది" అని కేకేశాను. ఆయన రాలేదు. గొడుగు విప్పి పెరుగు ట్రేల మీద పట్టుకుని నిలబడ్డారు. నీడ పైనున్న రెండు ట్రేలకే చాలింది. ఆయన తల ఎండలోనే ఉంది.