సకినాల పందెం

నా చిన్నప్పుడు, మా మేనత్త పెళ్లికి సకినాలు చుట్టడానికి తొర్రూరులో మా వాడకట్టు ఆడవాళ్లంతా పొద్దున్నే మా ఇంటికి వచ్చారు. పక్కింటి అక్క కూడా వాళ్లత్త వెంట వచ్చింది. వచ్చింది కానీ పిండి ముట్టలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది.

అక్కకు మోచేతుల మీద ఎర్రగా పొలుసులు లేచేవి. అది సోరియాసిస్ అనీ, అంటుకునేది కాదనీ, కీళ్లకు కూడా పట్టిందనీ వరంగల్ దవాఖానలో చెప్పారు. బాగున్న నెలల్లో అక్క బావి నుంచి రెండు బిందెలు నవ్వుతూ మోసుకొచ్చేది. జబ్బు తిరగబెడితే మాత్రం తెల్లారేసరికి వేళ్లు ఉబ్బి బిగుసుకుపోయేవి, రవిక హుక్కు పెట్టుకోవడానికి కూడా మనిషి కావాల్సి వచ్చేది. పొద్దెక్కేకొద్దీ ఆ పట్టు కాస్త వదిలేది. అదే ఆమె కొంప ముంచింది.

"పనుంటెనే నొప్పులొస్తయ్ మా కోడలికి. పొద్దుమీకి చూడుండ్రి, మంచిగనే తిరుగుతది. గిట్లయితే వాళ్ల నాయినను పిలిచి తోలేస్త" అంది వాళ్లత్త, అందరి ముందూ. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ఆ అత్త మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

మా నాయనమ్మకు కోపం రాలేదు. పాత ధోవతి చింపి పేలికలు చేసి, "జర పందెమాడుదాం వదినా. గిట్ల కట్టుకొని ఎవలు సక్కగ చుడితె వాళ్లే గెలిచినట్టు" అంటూ తన వేళ్లకూ, అక్క వాళ్లత్త వేళ్లకూ దళసరిగా చుట్టించింది. సకినాలలో తనను మించినవాళ్లు లేరని ఆ అత్తకు ధీమా. సరేనని కూర్చుంది.

ఆమె చుట్టిన సకినం తొక్కిన వానపాములా వచ్చింది. రెండోది చేతిలోనే తునిగింది. దాహమై చెంబు ఎత్తితే నీళ్లన్నీ మీద పడ్డాయి. జారిన కొంగు సర్దుకోవడం కూడా చేతకాలేదు. అందరం పడీ పడీ నవ్వాం, ఆమె కూడా నవ్వింది.

"ఇగ విప్పు వదినా, పరేషానైతాంది" అంది ఆ అత్త.

"నీకైతె విప్పుతం. ఆ పిల్లకు ఎవలు విప్పాలె?" అంది మా నాయనమ్మ మెల్లగా.

ఆ అత్త పేలికలు విప్పించుకుని, పొయ్యి మీది వేడినీళ్లలో చన్నీళ్లు కలిపి తెచ్చి కోడలి చేతులు అందులో పెట్టించింది. కాసేపటికి అక్కే, "అత్తమ్మా, మీ సకినం ఇంక వంకరనే పోతాంది" అని ఆటపట్టించింది. ఆ ఇంట్లో తోలేస్తాననే మాట మళ్లీ వినలేదు. పట్టు పట్టిన పొద్దుల్లో అత్తే గొణుక్కుంటూ కోడలికి జడ వేసేది.

ఇప్పటికీ, నిన్న చకచకా తిరిగిన మనిషి ఇవాళ చేతకావడం లేదంటే, నిన్న బాగానే ఉన్నావు కదా అని నా నోట రాదు. ఆ పని ఇటివ్వమని చెయ్యి చాపుతాను.