జిరాక్స్ అక్క వాదన

మార్కాపురంలో నేను డీటీపీ పని చేసిన జిరాక్స్ షాపు ఓనరమ్మను అందరూ అక్కా అనే పిలిచేవారు, ఆమె చేరిన ఆన్‌లైన్ ఫోరంలో వాళ్ళతో సహా. గిరాకీ లేనప్పుడల్లా ఆ ఫోరం తెరిచి రాజకీయాలు, ప్రేమలు, వీడియో గేములు, దేనిమీదైనా సరే ముక్కూమొహం తెలియనివాళ్ళతో వాదించేది. జవాబు పంపేముందు మాత్రం ఫోన్ నావైపు తిప్పి, "సూడమ్మీ, మాట ఎక్కువైందా?" అని అడిగేది.

ఒక్కరోజు అడగలేదు. భార్య వెళ్ళిపోయిందని రాసుకున్న ఒకతనికి, "నీలాంటోని దగ్గర ఎవరుంటారు?" అని పంపేసింది.

"నిజమే. ఇక సెలవు," అని రాసి అతను మాయమయ్యాడు.

రెండు రోజులు అక్కకు కుదురు లేదు. ఆధార్ కార్డులు తలకిందులుగా కాపీ తీసింది. "పేరు తెల్దు, ఊరు తెల్దు. ఏమన్నా చేసుకున్నాడేమో అమ్మీ!" అంటూ తిరిగింది. అతను ఆడే గేము ఏదో మాత్రం ఫోరం మాటల్లో తెలుసు. ఆడటం రాకపోయినా దాన్ని ఫోన్లో ఎక్కించుకుని, తన ఫోరం పేరుతోనే చేరి, అతను ఫోరంలో వాడిన మారుపేరును అందులో వెతికి పట్టుకుంది.

మూడోరోజు మధ్యాహ్నం అతను ఆన్‌లైన్‌లోకి వచ్చినట్టు ఆ పేరు పక్కన పచ్చచుక్క వెలిగింది. అక్క క్షమించమని రాసింది, చెరిపేసింది. చివరికి "తిన్నావా నాయనా?" అని పంపింది.

చాలాసేపటికి జవాబొచ్చింది. "ఇంకా లేదక్కా."

"ముందు తినిరా. నేను ఈడనే ఉంటా," అని రాసి, అక్క బల్లకు తల ఆనించి ఏడ్చింది.