అలవాటు పడేదాకా

మీరా మొహిద్దీన్ ఏ యంత్రాన్నయినా ముందు అరచేత్తో తాకి చూస్తాడు. ఇందుకూరుపేటలో ఏళ్ల తరబడి డీజిల్ ఇంజన్లు బాగుచేసిన చెయ్యి అది. గోళ్ల సందుల్లో నలుపు ఇంకా పోలేదు. ఇప్పుడు అదే షెడ్డులో కంప్యూటర్లు బిగించి అమ్ముతున్నాడు. కొత్తగా సిలిండరు బోరు చేసిన ఇంజన్‌ను కొన్నాళ్లు లోడు వేయకుండా తిప్పినట్టే, కొత్త కంప్యూటర్‌నీ ఏ పనీ చెప్పకుండా ఊరికే నడిపిస్తాడు. పెట్టె మీద చెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని ఫ్యాను చప్పుడు వింటాడు. రొయ్యల గుంటల్లో నీటికి గాలి అందించే ఏరియేటర్లను నడపడానికి మధుబాబు కొన్న కంప్యూటర్‌నూ అలాగే నడిపి ఇచ్చాడు. అయినా అది ఉన్నట్టుండి ఆగిపోసాగింది.

“మార్చియ్యన్నా, పట్టుబడికొచ్చిన రొయ్యలు, రేపోమాపో పట్టి అమ్మాల. నాకు భయంగా ఉండాది” అన్నాడు మధుబాబు.

“కొత్తది గదా, ఇంకా అలవాటు పడలా. నాలుగు రోజులు తిరిగితే అదే సర్దుకుంటాదిలే.”

ఒక వేకువన అది మళ్లీ ఆగింది. దాంతోపాటే ఏరియేటర్లూ ఆగాయి. తెల్లారేసరికి గాలందక చచ్చిన రొయ్యలు గుంటల నిండా తేలాయి. మధుబాబు తిట్టలేదు. కంప్యూటర్‌ను తెచ్చి షెడ్డులో బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆనాటినుంచి మొహిద్దీన్ దాన్ని ఆపలేదు. మరో బేరం ఒప్పుకోలేదు. పెట్టె మీద చెయ్యి ఆనించి, ఒక్కసారైనా ఆగుతుందేమోనని కూర్చుంటాడు. అది ఆగదు.

అన్నం తెచ్చిన భార్య రషీదా కాసేపు చూసి, “ఇప్పుడు బాగానే నడస్తా ఉండాదే!” అంది.

“అవును,” అన్నాడు మొహిద్దీన్, చెయ్యి తీయకుండానే. “అలవాటు పడింది.”