ఆరు జిర్కోనియంల నడుమ

కిందటి నెల కర్నూలులో ఒక కళాశాలవారు పిలిస్తే వెళ్లాను. ఒక విద్యార్థిని తన ఫోనులో పరమాణువుల బొమ్మ తెరిచి, వేలితో అటూ ఇటూ తిప్పి, "నడుమ కార్బన్ ఉండాది, చూడండి మేడం" అన్నది. ఆ కార్బన్ కోసం నేను తొమ్మిదేళ్లు పగబట్టి కూర్చున్నానని ఆ పిల్లకేం తెలుసు?

మాది కోయిలకుంట్ల దగ్గర పల్లె. అమ్మానాన్నలు కూలికి పోయేవారు. చర్చిలో పాస్టరుగారు నా మార్కులు చదివి వినిపిస్తే మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేది. అలా చదువుకుంటూ వచ్చి కర్నూలులో ఒక పెద్దాయన దగ్గర పరిశోధనకు చేరాను. జిర్కోనియం లోహాన్నీ దాని క్లోరైడునూ కలిపి, గాలి చొరని గొట్టంలో మూసి, కొలిమిలో వారాల తరబడి కాల్చడం నా పని. లోహం పాలు ఎక్కువైన ఆ పదార్థాల్లో ఆరేసి జిర్కోనియం పరమాణువులు ఒకదాన్నొకటి పట్టుకుని గుంపుగా ఉంటాయి, చుట్టూ క్లోరిన్లుంటాయి. మన తరంవారికి గుర్తుండే ఉంటుంది, ఎండాకాలం కరెంటు పోయిందంటే అంతా మొదటికొచ్చేది. ఏ పరమాణువు ఎక్కడుందో తేల్చడానికి ఎక్స్‌రే ఫిల్ముల మీద చుక్కల నలుపును కంటితోనే పోల్చి రాసుకునేవాళ్లం.

శుభ్రంగా చేసిన గొట్టాల్లో ఏమీ రాలేదు. ఒకదాంట్లో ఎలాగో మసి పడింది. దాంట్లో మాత్రం నిగనిగలాడే స్ఫటికాలు వచ్చాయి. లెక్క వేశాను. ఆ గుంపు నిలవాలంటే పద్నాలుగు ఎలక్ట్రాన్లు కావాలి, నడుమ ఖాళీ అయితే పదే తేలుతున్నాయి. మసిలోని కార్బన్ ఒకటి నడుమ చేరి తన నాలుగూ ఇస్తే సరిపోతుంది. పరుగున పోయి గైడుగారికి చెప్పాను.

ఆయన నా కాగితం వైపే చూడలేదు. "కూలికి పోయే ఇంటిదానివి, నీకెందుకమ్మా ఈ లెక్కలు? నడుమ గుల్లగా ఉండాదని చెప్తాండా గదా, అట్లే రాయి" అన్నారు, నలుగురి ముందు. కొన్నాళ్లకు వ్యాసం అచ్చయింది. అందులో నడుమ ఖాళీ. నా పేరు లేదు, ఆయన అల్లుడి పేరుంది.

తర్వాత కడపలో లెక్చరరునయ్యాను. సెలవుల్లో తెలిసినవారి ప్రయోగశాలల్లో చోటు అడుక్కుని, కార్బన్ తూచి వేసి కొన్ని, వేయకుండా కొన్ని చేశాను. వేసిన ప్రతిదాంట్లో స్ఫటికాలు వచ్చాయి, వేయని ఒక్కదాంట్లోనూ రాలేదు. ఆయనకొక జాబు రాస్తే సరిపోయేది. రాయలేదు. ఆయన అధ్యక్షత వహించే సభ కోసం కాచుకున్నాను. దాచడమెందుకు, ఆ కాచుకోవడం నాకు తియ్యగా ఉండేది.

ఆ సభ కడపలోనే జరిగింది. ఆయన వ్యాసంలోని పరమాణువుల బొమ్మనూ, నడుమ కార్బన్ ఉన్న నా బొమ్మనూ తెరమీద పక్కపక్కన వేసి, కావాలనే మా ఊరి మాటలో, "సార్, నడుమ ఏముండాదో మీరే చెప్పండి" అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. వెనక వరసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు హాలంతా పాకింది. అల్లుడు తలెత్తకుండా ఫైలులో ఏదో వెతుకుతున్నాడు.

బయట మెట్ల దగ్గర ఆయన నా కోసం ఆగారు. "ముందే ఒక మాట చెప్పింటే నేనే దిద్దుకుంటాంటి గదమ్మా."

"చెప్పినా సార్. మీరే యినలేదు."

ఆయన పోయి చాలా ఏళ్లయింది. జాలి పడదామని చూశాను, రాలేదు, ఇప్పటికీ రాదు. ఆనాడు నవ్వినవారిలోనూ ఎవరూ మిగల్లేదు. ఆయన పేరెత్తి తిడదామంటే ఆ పేరు విన్నవారే దొరకడం లేదు. మహానుభావుడని పొగిడేవారైనా ఒక్కరు ఎదురైతే, కూర్చుని వాదించడానికైనా బాగుండునని ఈమధ్య అనిపిస్తోంది.