పప్పు రంగు రాయి

"మిషిన్ ముచ్చట ఎత్తితే గొంతు పిసుకుత," అని బుగ్గమ్మ కూతురు కరుణ జడలో పూలు పెడుతూ నాలుగోసారి చెప్పింది. ఊరికే చెప్పలేదు. తాండూరులోని ఓ పప్పుమిల్లులో కరుణ రంగు చూసి పప్పు ఏరే మిషన్ నడుపుతుంది. దాని గురించి మొదలుపెట్టిందా, ఆపడం దేవుడి తరం కూడా కాదు. ఇంతకుముందు రెండు సంబంధాలవాళ్లు చాయ్ చల్లారేదాకా విని లేచి వెళ్లిపోయారు. ఇది మూడోది. వికారాబాద్ అబ్బాయి పరమేశ్ ఫొటో చూసిన రోజే కరుణకు నచ్చాడు. ఈసారి నోరు విప్పనని తనే ఒట్టు పెట్టుకుంది.

పరమేశ్ తల్లి నాగవ్వతో వచ్చాడు. "మీరు మిల్లుల ఏం పని చేస్తరు?" అని మర్యాదకే అడిగాడు.

అంతే, ఒట్టు తీసి గట్టున పెట్టింది.

"పప్పు జారుతుంటే కెమెరా ఒక్కొక్క గింజను చూస్తది. ఖరాబుది కనపడితే గాలి కొట్టి పక్కకు తోస్తది. ఇరవై మంది ఆడోళ్లు దినమంతా ఏరేది ఒక్క గంటల ఏరుతది. ఒక్క రాయి తప్పిపోదు."

నాగవ్వ కప్పు కింద పెట్టింది. "గా ఇరవై మందిల నేనొకదాన్ని బిడ్డ. అప్పుడు తాండూరులనే ఉంటిమి. గదే మిల్లు. మిషిన్ వచ్చిన దినమే మమ్మల్ని ఇంటికి పంపిండ్రు."

కరుణ నెత్తిన పిడుగు పడ్డట్టయింది. రోజూ తాను తుడిచి ముద్దుచేసే మిషన్ ఇంకొకరి కూడు లాక్కుందని ఏనాడూ తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయింది. ఈ సంబంధమూ మంట్లో కలిసిందని బుగ్గమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"మీ మిల్లు పప్పు ఇంట్ల ఉన్నదా? జర తెప్పియ్యి," అంది నాగవ్వ.

పళ్లెంలో తెచ్చారు. నాగవ్వ కళ్లు కరుణ మొహం మీదే ఉన్నాయి, వేళ్లు మాత్రం పప్పులో తిరిగాయి. కాసేపటికి ఓ రాతిపలుకు తీసి కరుణ అరచేతిలో పెట్టింది. తాండూరు పసుపు బండ పలుకు. అచ్చం పప్పు రంగు, పప్పంతే ఉంది. కెమెరాకు అది పప్పే.

కరుణ నిర్ఘాంతపోయింది. "చూడకుండ ఎట్ల పట్టినవ్ పెద్దమ్మా?"

"రాయి సల్లగుంటది. పప్పు గట్లుండది. పదహారేండ్లు ఏరిన."

"మిషిన్‌కు సల్లదనం తెల్వది," అంది కరుణ మెల్లగా. "ఒక్క రాయి తప్పిపోదంటి. తప్పు చెప్పిన, మాఫ్ చెయ్యి."

"పోదమా అమ్మా?" అన్నాడు పరమేశ్. నాగవ్వ లేవలేదు.

"పిల్ల నాకు నచ్చింది. గని లగ్గానికి ముందు ఒక్కటడుగుత. ఎనిమిదేండ్లాయె, నా పని గుంజుకున్న మిషిన్ ఎట్లుంటదో నేనింకా చూడలే. మమ్మల్ని గేటు కాడ్నే ఆపిండ్రు. నన్ను లోపటికి తోల్కపోతవా?"

కరుణ రాయిని పిడికిట్లో బిగించుకుని తల ఊపింది.