పురుటి ఫోటోలో తమ్ముడి రంగు

మా చిన్నప్పుడు కాటన్‌పేట ఇంట్లో పగలు కూడా బల్బు వెలగాల్సిందే... అందులో బాలింత గది మరీ చీకటి. గాలి తగలకూడదని, దిష్టి తగలకూడదని అవ్వ కిటికీకి కంబళి కట్టేసింది. ఆ గదిలోనే అమ్మా, అప్పుడే పుట్టిన తమ్ముడూ.

“వీడు పచ్చంగా ఉండాడు అత్తా... పాలు కూడా సరిగా తాగల్యా” అని అమ్మ రోజూ అనేది.

“దినామూ పసుపు పూసి నీళ్లు పోస్తాండాం కదమ్మా. ఆ బల్బు కింద నువ్వూ పచ్చంగానే ఉండావు” అని అవ్వ కొట్టిపారేసేది.

నిజమే... ఆ గదిలో గోడ, నా గౌను, అమ్మ మొహం, అన్నీ పసుపే. తమ్ముడు ఏడవడం లేదని, బుద్ధిమంతుడని అందరూ మురిసిపోయారు. అమ్మ ఒక్కతే భయపడుతూ ఉండేది. అమ్మను చూసి నేనూ.

పదకొండో రోజు పురుడు చేసిన నాడు అమ్మ తమ్ముడు గిరి మామ కెమెరాతో వచ్చాడు. మామకి ఫోటో స్టూడియో ఉండేది. ఫ్లాష్ మీద నారింజ రంగు జిలెటిన్ కాగితం అంటించాడు... లెన్సుకి నీలం గాజు బిగించాడు.

“ఫ్లాష్‌ని కూడా బల్బు రంగుకి తెచ్చినామనుకో... ఈ నీలం గాజు ఆ పసుపంతా ఒకేసారి తీసేస్తాది పాపా” అన్నాడు.

నాన్న తెల్ల పంచె కట్టుకుని తమ్ముణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకున్నాడు. ఫ్లాష్ వెలిగితే నేను ఉలిక్కిపడ్డాను. తమ్ముడు మాత్రం కదల్లేదు.

రెండ్రోజులకి ఫోటోలు వచ్చాయి. తమ్ముడు పసుపు కొమ్ములా ఉన్నాడు!

“నీ రంగు కాగితాలతో బిడ్డని ఇట్ల చేసినావు కదప్పా!” అని నాన్న మామ మీద కేకలేశాడు. అమ్మ ఫోటో లాక్కుని పంచె మీద వేలు పెట్టింది.

“పంచె తెల్లంగానే ఉండాది చూడండి... మీరూ బాగానే ఉండారు. వాడొక్కడే పచ్చంగా ఉండాడు.”

అవ్వ లేచి కంబళి పీకేసింది. వెలుతురు పడింది. తమ్ముడి కనురెప్ప అమ్మ ఎత్తి చూసింది... కంటి తెలుపు కూడా పసుపే.

ఆటోలో అమ్మ వాణ్ణి తట్టి లేపుతూనే ఉంది... వాడు లేవడు. ఆసుపత్రిలో వాడి కళ్లకి గుడ్డ కట్టి నీలం లైట్ల కింద పెట్టారు. కామెర్లట... ఇంకొంచెం ఆలస్యమైతే మెదడుకెక్కేదట. అద్దం బయట నాన్న చొక్కా పట్టుకుని, వాడు ఒక్కసారి ఏడిస్తే చాలు దేవుడా అని మొక్కుకున్నాను. మర్నాడు గుక్కపట్టి ఏడ్చాడు... ఆ ఏడుపు విని అమ్మ నవ్వింది.

ఇప్పుడు వాడు ఇదే ఊళ్లో, బ్రూక్‌ఫీల్డ్‌లో ఉంటున్నాడు. మొన్న కూతురు పుట్టింది. ఫోటో పంపాడు... పాప గులాబీ రంగులో మెరిసిపోతోంది. “ఫిల్టర్ లేకుండా పంపురా” అన్నాను. “నేనేం పెట్టలేదక్కా, ఫోనే అట్ల తీస్తాది” అని నవ్వాడు.

అంటే పాప అసలు రంగు ఆ ఫోటోలో తెలీదు. ఉన్న పని ఉన్నట్టే వదిలేసి వెళ్లాను. పాపను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, కళ్లు చూశాకే ఊపిరి పీల్చుకున్నాను.

మామ ఉన్న రంగు ఉన్నట్టు రావాలని కాగితాలు అంటించేవాడు... ఈ ఫోన్లు అడక్కుండానే అందరికీ ఒకే రంగు పూసేస్తున్నాయి. మీ ఇంట్లో కూడా ఫోటో చూసి భయపడ్డ రోజు ఉంటే చెప్పండి... ఆ పురుటి ఫోటో నా దగ్గరే ఉంది. ఇప్పటికీ ఎక్కువసేపు చూడలేను.