రెండిళ్ల కరెంటుతో ఒక పాఠం

బీఎడ్‌లో ఉన్నప్పుడు "తరగతి గదిలో సాంకేతిక పరికరాల ప్రయోజనాలు" అని ఒక ప్రశ్న అడిగేవాళ్లు. నేను గుక్క తిప్పుకోకుండా పదకొండు పాయింట్లు రాసేదాన్ని. బొమ్మ చూస్తే పిల్లలు మరిచిపోరు, శబ్దం వింటే శ్రద్ధ పెరుగుతుంది, ఇట్లాంటివి. కరెంటు ఎవరింటి నుంచి తేవాలో మాత్రం ఏ పుస్తకంలోనూ రాయలేదు.

మాది ప్రొద్దుటూరు. నాన్నకు బట్టల అంగడి. ట్రైనింగ్‌లో పాఠాలు చెప్పడానికి నన్ను జమ్మలమడుగు దోవలో ఒక పల్లె హైస్కూలుకు వేశారు. అప్పట్లో ఆ ఊర్లలో పార్టీ అంటే ఓట్లప్పుడు గుర్తొచ్చేది కాదు. పుట్టిన పసిబిడ్డకు కూడా పార్టీ ఉండేది. ఒకరి బాయి నీళ్లు ఇంకొకరు ముట్టరు. ఒకరు టీ తాగే అంగట్లో ఇంకొకరు కూర్చోరు. ఎనిమిదో తరగతిలో నడుమ దోవ వదిలి ఒక పార్టీ పిల్లలు తూర్పు పక్క, ఇంకో పార్టీ పిల్లలు పడమటి పక్క కూర్చునేవాళ్లు. నాతో గలగలా మాట్లాడేవాళ్లు గానీ, ఈ పక్క వాళ్లు ఆ పక్క వాళ్లతో ఒక్క మాటా పలికేవాళ్లు కాదు.

చివర్న ఒక పాఠం పరీక్షగా చెప్పాలి. బయటి నుంచి ఒక పెద్దాయన వచ్చి చూసి మార్కులు వేస్తాడు. ఫస్టు క్లాసు వస్తే ప్రొద్దుటూరులోనే ఒక ప్రైవేటు బళ్లో ఉద్యోగం ఇస్తామని నాకు మాటిచ్చారు. అందుకని తక్కినవాళ్లు అట్టల మీద బొమ్మలు గీసుకుంటుంటే నేను కాలేజీ స్లైడు ప్రొజెక్టరు, పులివెందుల స్నేహితురాలి టేపు రికార్డరు తెచ్చుకున్నా. పాఠం మన కడుపు గురించి, తిన్న ముద్ద ఎట్లా అరుగుతుందని. తెర మీద బొమ్మలు, టేపులో నా గొంతుతో వివరణ. బొమ్మల మీద పేర్లు ఉండవు, అవన్నీ టేపే చెబుతుంది. నా తెలివికి నా మీద నాకే ముద్దొచ్చింది.

బడికి కరెంటు లేదు. టేపు రికార్డరులో సెల్లులు వేసే చోటు తుప్పు పట్టింది కాబట్టి అదీ కరెంటుతోనే పలకాలి. బడిని ఆనుకుని తూర్పున ఒక పార్టీ వాళ్ల ఇల్లు, పడమట ఇంకో పార్టీ వాళ్ల ఇల్లు ఉండేవి. పరీక్షకు ముందురోజు, తూర్పింటి నుంచి వైరు లాగి, కిటికీలకు నాన్న అంగట్లోని నల్లగుడ్డ కట్టి ప్రొజెక్టరు వేశా. తెర మీద వెలుగు పడిందో లేదో పడమటి పక్క పిల్లలు లేచి వరసగా బయటికి నడిచారు. చివర్న పోతున్న పిల్లను ఆపి అడిగా.

"ఏంది, యాడికి పోతాండారు?"

"ఆ ఇంటి కరెంటుతో ఏసిన బొమ్మలు మేం చూడం మేడమ్."

"రెండిండ్లకూ ఒకే ట్రాన్స్‌ఫార్మరు కదే!"

"ఆడ ఒకటేలే మేడమ్. మీటరు దాటినాక వాళ్లదే కదా."

ప్రొజెక్టరు ఆపేసి హెడ్మాస్టరు దగ్గరికి పోయి సంగతి చెప్పా.

హెడ్మాస్టరు తల పట్టుకున్నాడు. "ఏడేండ్లుగా ఈడ పనిచేస్తాండా. ఒక్క బల్బు ఎందుకు పెట్టలేదనుకున్నావు తల్లీ? యా ఇంటి నుంచి తెచ్చినా రెండో ఇంటికి కోపమే. అట్ట మీద బొమ్మ గీసుకో, శానా మేలు."

నాకు మొండితనం ఎక్కువ. సరాసరి పడమటింటికి పోయా. ఆ ఇంటి పెద్దామె కందులు చెరుగుతా, "ఏంది పాపా, వాళ్ల కరెంటుతో బొమ్మలాట ఆడిస్తాండావంట?" అంది.

"బొమ్మదేముంది పెద్దమ్మా, మాటే కదా ముఖ్యం. ఆ మాటలు మీ కరెంటుతో పలికిద్దామని వచ్చినా."

ఆమె చాట పక్కన పెట్టి వైరు ఇప్పించింది. అక్కడి నుంచి తూర్పింటికి పోయి, "మాటదేముంది మామా, బొమ్మే కదా ముఖ్యం" అని వాళ్లనూ నిమ్మళం చేసి వచ్చా. ఇందుకు నాకు కొంచెం కూడా సిగ్గనిపించలేదు.

మరుసటి రోజు పెద్దాయన వెనక బెంచీలో కూర్చున్నాడు. కోస్తా మనిషి, నలగని చొక్కా. తూర్పింటి వైరు ప్రొజెక్టరుకు, పడమటింటి వైరు టేపుకు పెట్టి రెండూ వేశా. తూర్పు పక్క పిల్లలు చెవుల్లో వేళ్లు పెట్టుకుని బొమ్మలు చూస్తున్నారు. పడమటి పక్క పిల్లలు కళ్లు గట్టిగా మూసుకుని వింటున్నారు. ఇరవై నిమిషాలు అట్లే నడిచింది. నా ఉద్యోగం కళ్ల ముందే పోతోందని తెలుస్తోంది. భయంతో పాటు పాడు నవ్వు కూడా వస్తోంది.

టేపు అయిపోయింది. కిటికీల గుడ్డలు తీశా. పెద్దాయన లేచి, "చిన్నపేగు బొమ్మ వేసి దాని సంగతి చెప్పండి. ఎవరు చెబుతారు?" అన్నాడు.

నిన్న నాకు మీటరు లెక్క చెప్పిన పడమటి పక్క పిల్లే లేచింది. చాక్‌పీసు తీసుకుని బోర్డు ముందు నిలబడిపోయింది. "ఇరవై అడుగులు ఉంటాదని చెప్పె. కడుపులో అంతెట్ల పడతాది?" అని బోర్డునే అడిగింది.

తూర్పు పక్క ఒక పిల్లోడు ఉండబట్టలేకపోయాడు. "చేంతాడు చుట్ట మాదిరి ఒకటుండె. అదేనేమో."

ఆ పిల్ల గిర్రున అతని వైపు తిరిగింది. "దాని సుట్టూ లావుది ఇంకోటి ఉండెనా?"

"ఉండె. దాని పేరేంది?"

"పెద్దపేగు. రా, నువ్వు గియ్యి, నేను చెప్తా."

ఇంక ఆగలేదు. ఆ పక్క వాళ్లు చూసింది చెబుతున్నారు, ఈ పక్క వాళ్లు విన్నది చెబుతున్నారు. కొందరు బెంచీలెక్కి అరుస్తున్నారు. పెద్దాయన బల్ల మీద చరిచాడు. "ఏమండీ, ఈ గోలేంటి? ఆపరేం?"

"ఆపను సార్" అనేశా. వాకిట్లో నిలబడిన హెడ్మాస్టరు కళ్లు తుడుచుకుంటున్నాడు. ఆయన్ను చూసేసరికి నాకూ ఏడుపొచ్చింది.

పెద్దాయన క్రమశిక్షణకు ఇరవైకి నాలుగు వేశాడు. నా ఫస్టు క్లాసు, ప్రొద్దుటూరు ఉద్యోగం దాంతోనే పోయాయి. మార్కులు తగ్గించిన కారణం రాసేచోట, "పాఠం మధ్యలో విద్యార్థులు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు" అని రాసి, చదివి సంతకం పెట్టమని కాగితం నా ముందుకు తోశాడు. నేను రెండుసార్లు చదువుకుని సంతకం పెట్టా. పక్కన "నిజమే" అని కూడా రాశా.